క్యాలెండర్‌లోని పొగ

గద్వాలలో మా వీధి చివర ఉండే నూనె మిల్లు గొట్టాన్ని కిందటేడు కూల్చారు. కూల్చారు అనడం కంటే దింపారు అనడం న్యాయం. పైనుంచి ఒక్కొక్క ఇటుకే ఊడదీసి దింపారు. అలాగే దింపాలని పట్టుబట్టింది మా వీధి. ఆ పట్టు పట్టకపోయి ఉంటే మా నాయన మీద పడ్డ నింద ఆయనతో పాటే ఉండిపోయేది.

నాయన ఆ మిల్లులో బాయిలర్ మనిషి. పల్లీ పొట్టు, కట్టెలు వేసి మంట నిలపడం ఆయన పని. మిల్లుకు మంచి రోజులున్నప్పుడు ఆయన పొద్దున్నే పనికి నడుస్తూ, గడప గడప దగ్గరా ఆగి ఒకటే మాట అడిగేవాడు. "పడుగు లేసిందా?" మా వీధిలో సగం ఇళ్ళు మగ్గాలవే. పడుగు అంటే చీరకు నిలువు నూలు. తెల్లవారగానే దాన్ని వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఆరాక చుట్టి లోపలికి తీసుకుపోతారు. తడి నూలు మీద మసి పడితే ఆ చీర ఎందుకూ పనికిరాదు. అందుకని ఆఖరి ఇంటివాళ్ళు పడుగు ఎత్తేదాకా నాయన బాయిలర్ ముట్టించేవాడు కాదు. మేనేజర్లు గొణిగేవాళ్ళు, నాయన చెవిన వేసుకునేవాడు కాదు. ఈ ఏర్పాటు ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. ఏ కాగితం మీదా లేదు. అయినా ఏళ్ళ తరబడి ఒక్కరోజు కూడా తప్పలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆ మిల్లును కొన్నది. కొన్నవాళ్ళు ఏం చేస్తారు? కప్పు కారుతోంది, బాగు చేస్తారు. యంత్రాలు అరిగిపోయాయి, మార్చుతారు. వీళ్ళు మాత్రం ముందుగా గొట్టం మీద పడ్డారు. ఉన్న గొట్టం మీద ఇంకో సగం గొట్టం కట్టారు. నూనెకు దానితో ఏం పని అని ఎవరికైనా అనుమానం వస్తుంది. పని ఏమీ లేదు. రైల్లో పోయేవాళ్ళకు కంపెనీ పేరు కనిపించాలి, అంతే. ఒక్కో అక్షరం మనిషెత్తున, పైనుంచి కిందికి నీలం రంగుతో రాయించారు. పాత పునాదికి ఇంత బరువు ఎక్కువ అని నాయన చెబితే, నువ్వు నిప్పు సంగతి చూసుకో అన్నారట.

ప్రారంభోత్సవం నాడు షామియానా, బ్యాండు, బూందీ పొట్లాలు. గొట్టానికి పూలదండ వేయాలనుకున్నారు, అంత దండ ఎక్కడ దొరుకుతుంది? చివరికి అడుగున నడుము దగ్గర చుట్టి సరిపెట్టారు. నేను రెండు పొట్లాలు బూందీ తిన్నాను. ఆ రోజు మా నాయన కంటే గొప్ప ఉద్యోగి జిల్లాలోనే లేడనుకున్నాను. అంత ఎత్తు గొట్టానికి నిప్పు పెట్టేది ఆయనే కదా.

ఆయన దానికి నిప్పు పెట్టనే లేదు. కొత్త కట్టుబడి ఆరాలి, లోపల పనివాళ్ళు అడ్డంగా వేసిన కట్టెలు తీయాలి, అప్పటిదాకా ముట్టించను అన్నాడు. ఈలోగా ముసురు పట్టింది. మూడు రోజులు వదలకుండా సన్నటి వాన. ముసురులో పడుగు వేయరు కాబట్టి వీధిలో మనిషి లేడు. నాలుగో రోజు తెరిపి ఇచ్చి అందరూ తలెత్తి చూస్తే, పాత గొట్టం, కొత్త గొట్టం కలిసే చోట ఇంత వెడల్పున బీట ఉంది.

కంపెనీవాళ్ళు కాగితం రాశారు. బాయిలర్ మనిషి ముసురు రోజుల్లో చెప్పకుండా నిప్పు పెట్టాడు, వేడి ఎక్కువై గొట్టం పగిలింది, ఇక మిల్లు నడపడం కుదరదు. అందరినీ ఇంటికి పంపేశారు. మిల్లు మూతపడింది నాయన వల్ల అని ఊళ్ళో మాట పడింది.

మాట పడ్డా నిలిచేది కాదేమో. దాన్ని నిలబెట్టింది క్యాలెండర్. మిల్లు మూయకముందే కంపెనీ క్యాలెండర్లు అచ్చు వేయించి పెట్టుకుంది. మూసేశాక ఊరికే పడి ఉన్నాయని ఊరంతా పంచేశారు. దాని మీద మా గొట్టం, నీలం అక్షరాలు, పైన ఆకాశంలోకి దట్టంగా పొగ. ఏ ప్రెస్సులోనో ఎవరో కుర్చీలో కూర్చుని గీసిన పొగ అది. కాని గద్వాలలో కిరాణా కొట్టు నుంచి దవాఖాన దాకా ప్రతి గోడ మీదా ఆ పొగ వేలాడింది. నాయన ఎక్కడికి పోయి నేను ముట్టించలేదు అన్నా, జవాబు గోడ మీద తయారుగా ఉండేది. ముట్టించకపోతే పొగ ఎట్లా వచ్చిందయ్యా అనేవాళ్ళు. చదువుకున్నవాళ్ళు కూడా అన్నారు. ఫోటో అబద్ధం చెప్పదని మా ఊరికి అప్పట్లో గట్టి నమ్మకం.

నా తరగతి గదిలో కూడా అదే క్యాలెండర్ ఉండేది. లెక్కల సారు బోర్డు మీద రాస్తుంటే నేను ఆ పొగ చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చున్న నాయనను అడిగాను. "నిజం చెప్పు నాయినా. ముట్టిచ్చినవా?"

ఆయన నా వంక చూశాడు.  చేయి కడుక్కుని బయటికి పోయాడు. ఆ తర్వాత ఊరందరికీ నేను ముట్టించలేదని చెప్పాడు, ఇన్నేళ్ళూ చెబుతూనే ఉన్నాడు. నాకు మాత్రం మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. ఆ ప్రశ్న అడిగినందుకు నన్ను నేను క్షమించుకోలేదు. అయినా నిజం చెప్పాలంటే, నాకు అనుమానం పూర్తిగా పోలేదు కూడా. రెండూ నా లోపల పక్కపక్కనే ఉన్నాయి.

మిల్లు పోయాక నాయన పెళ్ళి వంటల్లో పొయ్యిలు చూసే పనికి పోయాడు. గాడిపొయ్యి ఆయన ముట్టిస్తే పొగ లేకుండా మండేది. వంటవాళ్ళు ఆయనను వదులుకునేవాళ్ళు కాదు. కాని ఏ ఫంక్షన్ హాలుకు పోయినా ఎవడో ఒకడు తగులుకునేవాడు. జర చూసి ముట్టియ్యి, హాలు పగుల్తది అని. అందరూ నవ్వేవాళ్ళు. నాయన కూడా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నేను చదువుకుని వనపర్తిలో తెలుగు టీచరునయ్యాను. రోజూ పెబ్బేరు మీదుగా బస్సులో పోయి వస్తాను. సాయంత్రం బస్సు ఊరు చేరుతుంటే అన్నిటికంటే ముందు ఆ గొట్టమే కనిపించేది. నీలం అక్షరాలు సగం రాలిపోయాయి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే పక్కవాళ్ళు మా నాయన కథ చెప్పేవాళ్ళు, వెనక సీట్లో నేను ఉన్నానని తెలియక. ఒకసారి దిగి నడుచుకుంటూ పోయాను, ఇంకా రెండు స్టాపులుండగానే.

కిందటేడు మిల్లు స్థలం ప్లాట్లు చేస్తున్నారని తెలిసింది. ఆ పాత కంపెనీని ఇంకేదో కంపెనీ మింగింది, దాన్ని ఇంకోటి. ఆఖరుకు తేలిన కంపెనీ తరఫున ఒక కుర్ర ఆఫీసరు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. గొట్టం అడుగున మందు పెట్టి పేల్చేస్తాం, మూడు రోజులు ఇళ్ళు ఖాళీ చేయండి అని వీధిలో నిలబడి చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు, పాపం. అతనికి తెలియనిది ఏమిటంటే మా వీధి మగ్గాలన్నీ గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని నేస్తారు. నేల అదిరితే గుంట గోడలు కూలతాయి, మగ్గం పట్టు తప్పుతుంది.

వీధిలో అందరికంటే పెద్దది, ఇప్పటికీ మగ్గం మీద కూర్చునే అవ్వ ఒకామె ఉంది. ఆమె అతన్ని చేయి పట్టి లోపలికి తీసుకుపోయి గుంట చూపించింది. "దీన్ని సంకల బెట్టుకోని పోవాల్నా సారూ? మిల్లు నడిసినన్ని దినాలు మా పడుగు లేసినంకనే నిప్పు బెట్టిండ్రు. పడగొట్టేటప్పుడు గూడ మమ్ముల అడిగే పడగొట్టాలె."

ఆ రోజు అర్జీ నేనే రాశాను. ఇన్నేళ్ళు పిల్లలకు లేఖలు రాయడం నేర్పింది ఒకసారైనా అక్కరకు వచ్చింది. వీధివాళ్ళంతా సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. సోమవారం నేను సెలవు పెట్టి అందరితో కలిసి కలెక్టరాఫీసుకు పోయాను. మూడు సోమవారాలు తిప్పుకున్నారు. నాలుగో సోమవారం, మందు పెట్టవద్దు, పైనుంచి చేతులతోనే దింపాలని ఉత్తర్వు వచ్చింది. ఆ సాయంత్రం మా వీధి నడిచిన తీరు చూడాలి. ఒక్కొక్కరు ఎన్నికల్లో గెలిచినట్టు నడిచారు. నాయన మాత్రం అరుగు మీద కూర్చుని గొట్టం వైపు చూస్తూ ఉన్నాడు.

పని బిజినేపల్లి నుంచి వచ్చిన మేస్త్రి తీసుకున్నాడు. అతని మనుషులు బీట చూసి ఎక్కము పొమ్మన్నారు. పరంజీ కట్టడానికి కూడా పైన ఒకడు ముందు పోవాలి కదా. మేస్త్రి ఆలోచించి, నల్లమలలో కొండ అంచున తాడు కట్టుకుని వేలాడుతూ తేనె తీసే మనిషిని ఒకతన్ని పిలిపించాడు. బక్కపలచటి మనిషి, నలభై దాటి ఉంటాయి. వచ్చి గొట్టం చుట్టూ రెండుసార్లు తిరిగి, చేత్తో తట్టి చూసి, ఎక్కుత గాని మా బామ్మర్ది రావాలె అన్నాడు.

బామ్మర్ది ఎందుకు? తాడు పట్టడానికి. వాళ్ళలో తేనెకు దిగినవాడి తాడు భార్య తోడబుట్టినవాడే పట్టాలి. ఆ బామ్మర్ది అడవిలో ఉన్నాడు, అక్కడ ఫోను కలవదు, కబురు పోవాలి, అతను రావాలి, రెండు రోజులు. కుర్ర ఆఫీసరుకు చిరాకు వచ్చింది. మా దగ్గర బెల్టు ఉంది, హెల్మెట్ ఉంది, తాడు పట్టడానికి శిక్షణ పొందిన మనిషి ఉన్నాడు అన్నాడు.

"బెల్టు పెట్టుకుంట సారూ, టోపీ గూడ పెట్టుకుంట. తాడు మాత్రం వాడే పట్టాలె. నేను పడితే బొట్టు పోయేది వాళ్ళక్కకు. మీ మనిషికి ఏం పోతది?"

 అక్కడే నిలబడ్డ నాయన నవ్వాడు. ఫంక్షన్ హాలు నవ్వు కాదు, వేరే నవ్వు. నా వైపు తిరిగి, ఆ పై సగం కట్టించినోళ్ళు హైదరాబాద్‌లో కూర్చున్నరు బిడ్డా, ఇక్కడ పడితే వాళ్ళకు ఏం పోతది అన్నాడు. నేను ఆ కంపెనీ గురించి ఇన్నేళ్ళుగా మనసులో ఎన్నో తిట్లు కూర్చుకున్నాను. ఏదీ అంత సూటిగా లేదు.

రెండు రోజులకు బామ్మర్ది దిగాడు. భుజాన తాడు చుట్ట, ముఖాన నిద్ర. వస్తూనే తాడు ముడులన్నీ తడిమి చూసి, నడుముకు చుట్టుకుని, కాళ్ళు నేలకు తన్నిపెట్టి కూర్చున్నాడు. బావ గొట్టానికున్న ఇనుప మెట్లకు తాడు తగిలించుకుంటూ ఎక్కుతున్నంతసేపూ రెప్ప వేయలేదు. వీధి మొత్తం గోడ పక్కన నిలబడి మెడలు నొప్పెట్టేలా పైకి చూసింది. ఆ రోజు ఆదివారం, నేనూ ఉన్నాను. పైకి చేరినవాడు అంచు ఇటుకలు నాలుగు వరసలు ఊడదీశాడు. తర్వాత లోపలికి తొంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తాడు లాగి సైగ చేసి కిందికి దిగొచ్చాడు.

ఏమైంది, బీట పెరిగిందా అని మేస్త్రి అడిగాడు. అతను తల అడ్డంగా ఊపి, అక్కడున్న మా అందరినీ చూస్తూ అడిగాడు. "గీ గొట్టం ఎన్నడన్న పొగ దాగిందా?"

నేను నాయన వైపు తిరిగాను. తేనె తీసేవాడే మళ్ళీ చెప్పాడు.

"లోపట అడ్డం కట్టెలు ఉన్నయి. తాడు కట్టినట్టే ఉన్నది. చివికింది గని కాలలే. మేం పొగబెట్టి తేనె దీసెటోళ్ళం. పొగ దాకిన కట్టె నాకు ఎరుకే. ఈ కట్టెకు పొగ దాకలే."

 అవ్వ నాయన దగ్గరికి పోయి నిలబడింది.

మళ్ళీ ఎక్కి ఆ కట్టెలు దింపారు. కొత్త కట్టుబడి ఇటుకలు బుట్టల్లో దిగాయి. బయటివైపు ఎండకు వానకు నల్లబడ్డాయి కాని లోపలి ముఖం కట్టిననాటి ఎరుపే. మూడో రోజు సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి పాతదీ కొత్తదీ కలిసే చోటు వచ్చింది. దాని కింద పాత గొట్టం లోపల బొగ్గులా నలుపు. ఎరుపు ఆగి నలుపు మొదలైన చోటు గీత గీసినట్టు ఉంది. నాయన తెల్ల తువ్వాల తీసి ఎర్ర ఇటుక మీద గట్టిగా రుద్ది అందరికీ చూపించాడు. మరక లేదు. నల్ల ఇటుక మీద రుద్దాడు. తువ్వాల మసిబారింది.

కుర్ర ఆఫీసరు మసిని వాన కడిగేసి ఉండవచ్చు కదా అన్నాడు. చదువుకున్న బుర్ర, ఊరుకోదు. మేస్త్రి రెండు ఇటుకలూ తెచ్చి సుత్తితో పగలగొట్టాడు. పాత ఇటుకలో మసి వేలు లోతుకు దిగి ఉంది. కొత్తది లోపలి దాకా ఎరుపే. వాన పైదాన్ని కడిగితే కిందిదాన్ని ఎందుకు విడిచిపెట్టిందో మీరే చెప్పండి అన్నాడు. ఇక ఆ గొట్టం ఎందుకు పగిలిందో కూడా అతను చెప్పాడు. పాత సున్నం గోడ మీద ఆరని సిమెంటు బరువు పెట్టారు, ఆ బరువుకు అది కుంగి బీటలిచ్చింది. నిప్పుతో పని లేదు. నాయన ఆనాడు చెప్పిన మాటే అది. ఊరంతా చూసిన ఆ పొగ గొట్టంలోకి ఒక్కనాడూ పోలేదు. ఉన్నది అచ్చు కాగితం మీదే.

నాకు కోపం వచ్చింది. సంతోషం రావలసిన చోట ముందు కోపమే వచ్చింది. నేను ఆఫీసరు దగ్గరికి పోయి, మీరు చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టి ఇవ్వండి అన్నాను. అది తన పరిధిలో లేదు, హెడ్డాఫీసును అడగాలి, మెయిలు పెట్టాలి అన్నాడు. రేపు పొద్దున చూద్దామని లోపలికి పోయాడు. మిల్లులో అతని కోసం వేసిన గదిలోనే అతని మకాం, కాబట్టి తెల్లారేదాకా ఎక్కడికీ పోడని తెలుసు.

మర్నాడు పొద్దున నేను బస్సు ఎక్కలేదు. బడికి ఫోను చేసి సెలవు అన్నాను. వీధిలోకి వచ్చి చూస్తే అవ్వ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు పడుగు సాగదీస్తున్నారు. రోజూ వేసే చోట కాదు. ఒక కొస మిల్లు గేటు ఇటు స్తంభానికి, ఇంకో కొస రోడ్డుకు అడ్డంగా అవతలి వేపచెట్టుకు. తెల్లటి నూలు, చిక్కటి గంజి, తాపీగా కుంచె. గేటు లోపల కారు, కారులో ఆఫీసరు, గద్వాల స్టేషన్‌లో అతని రైలు. హారన్ కొట్టాడు. అవ్వ తల ఎత్తలేదు. దిగి వచ్చి జరగమన్నాడు. తడి పడుగును కదిలిస్తే దారాలు తెగుతాయి, దాటితే మాకు మంచిది కాదు, ఆరేదాకా ఆగాలి సారూ అని చాలా మర్యాదగా చెప్పింది. ఎప్పుడు ఆరుతుందని అడిగాడు. ఎండ ఇష్టం అంది. గంజి ఆరుతున్న చోటల్లా ఇంకో ఆడామె మళ్ళీ తడిపి దువ్వుతోంది.

అతను కాసేపు ఫోనులో మాట్లాడాడు. కాసేపు గేటు దగ్గర నిలబడ్డాడు. ఎవరో టీ ఇస్తే తాగాడు. ఈలోగా ఒకరి తర్వాత ఒకరు, మిల్లులో పనిచేసిన పాతవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఇన్నేళ్ళు నాయనను ఆడిపోసుకున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఎర్ర ఇటుక ఒకటి చేతులు మారుతూ ఉంది. అందరూ దాని లోపలి ముఖాన్ని వేలితో రుద్ది చూస్తున్నారు, చూసి నాయన దగ్గరికి పోయి నిలబడుతున్నారు. ఒకాయన, హాలు పగుల్తదని ఎక్కువగా ఎగతాళి చేసినాయన, నాయన చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు. నాయన విడిపించుకోలేదు.

ఆఫీసరు చివరికి కారు బానెట్ మీద కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాడు. బెదిరి రాశాడని నేను అనను. రాస్తూ రాస్తూ లేచి పోయి, ఆ కట్టెలను మళ్ళీ ఒకసారి తిప్పి చూసి వచ్చి రాశాడు. అతని ముఖం మారింది. తన వయసుకంటే పాత అబద్ధాన్ని తన కంపెనీ పేరు మీద మోస్తున్నానని అర్థమై ఉంటుంది. సంతకం పెట్టి, ముద్ర వేసి, నాకు కాదు, నేరుగా నాయనకు ఇచ్చాడు. "క్షమించండి పెద్దాయనా" అన్నాడు. అవ్వ చేయి ఊపింది. ఆడవాళ్ళు పడుగు ఎత్తారు. కారు పోయింది.

నాయనకు అక్షరం రాదు. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని అందరినీ చూసి, తెచ్చి నా చేతిలో పెట్టాడు. చదవమన్నాడు. గేటు దగ్గరున్న వాళ్ళంతా దగ్గరికి వచ్చారు.

చదివాను. మొదటి రెండు వాక్యాలు బాగానే వచ్చాయి. గొట్టం పై భాగంలో నిప్పు పెట్టిన ఆనవాలు ఏదీ లేదు, బాయిలర్ మనిషి మీద అప్పట్లో రాసింది నిజం కాదు అనే చోటికి వచ్చేసరికి, అన్నం ముందు నుంచి లేచి చేయి కడుక్కుంటున్న నాయన కళ్ళ ముందుకు వచ్చాడు. చదవడం ఆపేశాను. తల ఎత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు.

"నేను గూడ నమ్మలే నాయినా" అన్నాను, అందరి ముందూ.

"నాకు ఎరుకే" అన్నాడు. వచ్చి నా పక్కన నిలబడి, కాగితం కొస పట్టుకున్నాడు. "మళ్ళ మొదటికెళ్ళి చదువు బిడ్డా. జర గట్టిగ చదువు."

కళ్ళు తుడుచుకుని మొదటి నుంచి చదివాను. వీధి ఆ చివరనున్న ఇళ్ళలో మగ్గాలు ఆగిపోయేంత గట్టిగా చదివాను.